సంధికర్త హెన్రీ క్లే

1850వ సంవత్సరము జనవరి 21వ తేదీ రాత్రి వాషింగ్టన్ నగరమున చలిగాలితో కూడిన వాన పడుచుండెను. ఆ వానలో ఒక వృద్ధుడు, బక్కపలుచని పొడవాటి మనిషి, దగ్గుచు వచ్చి, ముందుగా కబురైనను పంపక, డేనియల్ వెబ్‌స్టర్ ఇంటి తలుపు తట్టెను. వచ్చినవాడు కెంటకీ రాష్ట్రపు సెనేటరు హెన్రీ క్లే. అప్పటికి అతనికి డెబ్బదిరెండేండ్లు నిండినవి. ఆరోగ్యము క్షీణించినది. మసాచుసెట్సుకు చెందిన వెబ్‌స్టరునకును అతనికిని, ఒకే పక్షమువారయ్యు, చిరకాలముగా స్పర్ధ కలదు. ఇరువురును అధ్యక్షపదవిని ఆశించినవారే. ఇరువురును దానిని అందుకొనలేకపోయినవారే. ఆ రాత్రి క్లే ఒక గంటసేపు మాటలాడెను. దేశము చీలిపోకుండ నిలుపుటకు తాను కూర్చిన పథకమును వివరించి, ఉత్తరదేశపు మహావక్త మద్దతును అర్థించెను. వెబ్‌స్టర్ విని చాలవరకు సమ్మతించెను. వృద్ధుడు మరల వానలోనికి నడచిపోయెను.

అమెరికా సంయుక్తరాష్ట్రములలో అప్పటికి ముప్పది రాష్ట్రములుండెను. పదునైదింట బానిసత్వము చట్టసమ్మతము, పదునైదింట నిషిద్ధము. 1846–48 యుద్ధమున మెక్సికోనుండి గెలుచుకొన్న విశాల భూభాగములో బానిసలుండవచ్చునా, ఉండరాదా అను ప్రశ్న తేలకముందే 1848లో కాలిఫోర్నియాలో బంగారము బయటపడెను. రెండేండ్లు తిరుగకుండగనే అచ్చట జనము క్రిక్కిరిసి, తమ్ము బానిసత్వము లేని రాష్ట్రముగా చేర్చుకొనవలసినదని కోరిరి. సెనేటులోని త్రాసు ఇక ఎన్నటికిని సరికాదని దక్షిణాదివారు భయపడిరి. ప్రతినిధిసభకు సభాపతిని ఎన్నుకొనుటకే ఆ శీతకాలమున అరువదిమూడు పర్యాయములు ఓట్లు తీయవలసివచ్చెను. మెథడిస్టు క్రైస్తవసంఘము 1844లోను, బాప్టిస్టు సంఘము 1845లోను ఈ ప్రశ్నమీదనే రెండుగా చీలియుండెను. ఒక దేవుని కొలుచువారే ఒక కప్పుక్రింద కూర్చుండలేకపోయినప్పుడు రాజకీయ పక్షముల మాట చెప్పనేల?

ఇట్టి సంకటము క్లేకు క్రొత్త కాదు. అంతకుముందు రెండుమారులు దేశము ఇట్లే అంచువరకు పోగా వెనుకకు లాగినవారిలో అతడు ముఖ్యుడు. అందుచేతనే వార్ధక్యమున విశ్రాంతి గోరి ఇంటికి పోయినవానిని కెంటకీ శాసనసభ మరల సెనేటునకు పంపెను.

హెన్రీ క్లే 1777 ఏప్రిల్ 12న వర్జీనియాలోని హానోవర్ మండలమున జన్మించెను. తండ్రి జాన్ క్లే బాప్టిస్టు మతబోధకుడు. 1781లో ఆయన గతించునప్పటికి హెన్రీకి నాలుగేండ్లు. స్వాతంత్ర్యసమరము సాగుచున్న ఆ దినములలోనే బ్రిటిషు గుఱ్ఱపుదళమువారు ఆ యింటిపై బడి దోచుకొనిపోయిరి. తండ్రి మరణశాసనమువలన బాలునకు సంక్రమించిన ఆస్తిలో ఇద్దరు బానిసలుండిరి. అక్షరములు దిద్దకమునుపే అతడు మనుష్యులకు యజమాని యయ్యెను. అతడు పుట్టిన లోకము అట్టిది. ఆ లోకమును అతడు ఎన్నడును విడువలేదు. మనసార మెచ్చుకొననును లేదు.

తల్లి మరల వివాహమాడి కెంటకీకి తరలిపోగా హెన్రీ రిచ్మండు నగరమున నిలిచి, మొదట ఒక దుకాణమునను పిదప న్యాయస్థానమునను గుమాస్తాగా చేరెను. అతని చేతివ్రాత చక్కనిది. ఆ వ్రాతయే అతనికి దారి చూపెను. స్వాతంత్ర్యప్రకటనపై సంతకము చేసినవారిలో నొకడును, జెఫర్సన్‌కు న్యాయశాస్త్రము నేర్పిన గురువును అగు జార్జ్ విత్ అను న్యాయమూర్తికి చేయి స్వాధీనము తప్పుటచే, తీర్పులు వ్రాసిపెట్టుటకు ఒక లేఖకుడు కావలసివచ్చెను. ఆయన ఈ కుఱ్ఱవానిని ఎన్నుకొనెను. బడిలో మూడేండ్లకు మించి చదువని పిల్లవానికి ఆ వృద్ధుని గ్రంథాలయమే కళాశాల యయ్యెను. విత్ తన బానిసలలో పలువురకు స్వేచ్ఛ నొసగినవాడు. గురువునుండి శిష్యుడు న్యాయశాస్త్రముతోపాటు ఆ యస్థిమితమును కూడ గ్రహించెను. ఆచరణను మాత్రము అంతగా గ్రహింపలేదు.

1797లో న్యాయవాది పట్టా పొంది క్లే కెంటకీలోని లెక్సింగ్‌టన్ చేరెను. మరుసటి సంవత్సరమే ఆ రాష్ట్ర రాజ్యాంగమును తిరుగవ్రాయవలెనను ఉద్యమము బయలుదేరెను. ఇరువదియొక్క యేండ్ల ఈ న్యాయవాది మారుపేరుతో పత్రికలో వ్రాసి, బానిసలను క్రమక్రమముగా విముక్తులను జేయు విధానమును అందు చేర్చవలెనని వాదించెను. క్రొత్తగా వచ్చి కక్షిదారులకై ఎదురుచూచు యువకునకు అది లాభసాటి వాదము కాదు. కెంటకీ దానిని త్రోసిపుచ్చెను. 1799లో అతడు లెక్సింగ్‌టన్‌లోని ఒక సంపన్నుని కుమార్తెయగు లుక్రీషియా హార్టును పెండ్లాడెను. ఊరి వెలుపల ఆష్‌లాండ్ అను ఎస్టేటును నిర్మించుకొనెను. మేలుజాతి గుఱ్ఱములను, పశువులను పెంచెను. ఆ పొలములలో పనిచేసిన బానిసలు ఒకప్పుడు అరువదిమంది వరకు నుండిరి. విముక్తికై వ్రాసిన చేతితోనే అతడు మనుష్యుల క్రయపత్రములపై సంతకము చేయుచు వచ్చెను.

అతని కంఠము ఆ కాలమున ఒక అద్భుతముగా పేరొందినది. అతడు మాటలాడునాడు సెనేటు వసారాలు నిండిపోయెడివి. పేకాటయన్నను, పందెములన్నను, విందులన్నను ప్రీతి. కోపము ముక్కుమీద నుండెడిది. 1809లో ఒక ద్వంద్వయుద్ధమున తొడకు గాయము తగిలించుకొనెను. ముప్పది యేండ్లు నిండకుండ సెనేటులో కూర్చుండరాదని రాజ్యాంగము శాసించుచున్నను, 1806లో ఆ యేడు నిండకముందే అతడు వెళ్లి కూర్చుండెను. ఎవ్వరును అడుగలేదు. 1811 నవంబరు 4న ప్రతినిధిసభలో మొదటిసారి అడుగుపెట్టిననాడే సభాపతిగా ఎన్నికయ్యెను. బ్రిటనుతో యుద్ధము కోరిన యువకులకు నాయకుడై 1812లో దేశమును యుద్ధములోనికి ఈడ్చినవారిలో అతడొకడు; రెండేండ్ల పిదప గెంటు నగరమున సంధిపత్రముపై సంతకము చేసిన అయిదుగురిలోను అతడొకడు. యుద్ధము చేయించి చూచినవాడు కనుకనే సంధి విలువ తెలిసినది కాబోలు.

మిస్సూరీ వ్యవహారము 1819లో తలయెత్తెను. అప్పటికి స్వేచ్ఛారాష్ట్రములు 11, బానిసరాష్ట్రములు 11. మిస్సూరీ బానిసరాష్ట్రముగా చేరగోరెను. న్యూయార్కు ప్రతినిధి జేమ్స్ టాల్మడ్జ్ అచ్చట బానిసత్వమును క్రమముగా అంతమొందించు సవరణను ప్రతిపాదించుటతో సభ భగ్గుమనెను. ఉత్తరాదికి జనసంఖ్య హెచ్చు గనుక ప్రతినిధిసభ దాని చేతిలో నుండెను. దక్షిణాదికి సెనేటు రక్షణదుర్గము. బానిసలను అయిదుగురకు ముగ్గురు చొప్పున జనసంఖ్యలో లెక్కించి యజమానుల రాష్ట్రములకు అధికస్థానములిచ్చు నిబంధన రాజ్యాంగములోనే కలదు. ఓటులేని మనుష్యులే తమ్ము కట్టివేసినవారి ఓటుబలమును పెంచుచుండిరి.

1820లో కుదిరిన ఒడంబడిక యిది: మిస్సూరీ బానిసరాష్ట్రముగాను, మసాచుసెట్సునుండి విడివడిన మెయిన్ స్వేచ్ఛారాష్ట్రముగాను చేరవలెను. లూసియానా కొనుగోలు భూమిలో మిస్సూరీ మినహాయింపుగా, 36 డిగ్రీల 30 నిమిషముల అక్షాంశమునకు ఉత్తరమున బానిసత్వము ఉండరాదు. గీతను ప్రతిపాదించినవాడు ఇల్లినాయిసు సెనేటరు థామస్. కట్టను విడదీసి, ఒక్కొక్క భాగమునకు వేర్వేరు ఓట్లు కూర్చి, ప్రతినిధిసభను దాటించినవాడు సభాపతి క్లే. వర్జీనియా ప్రతినిధి జాన్ రాండాల్ఫ్ నిర్ణయమును పునర్విమర్శింపగోరగా, ముందు దినచర్య ముగియవలెనని అతనిని కూర్చుండబెట్టి, ఆలోగా బిల్లును సంతకముచేసి సెనేటునకు పంపివేసెను. రాండాల్ఫ్ మరల లేచునప్పటికి అది చేయిదాటిపోయినది. ఈ చాకచక్యమును మెచ్చుకొన్నవారును, జీవితాంతము క్షమింపనివారును కలరు.

మిస్సూరీ అంతటితో ఊరకుండక, స్వతంత్రులైన నీగ్రోలు తన సరిహద్దులలో అడుగుపెట్టరాదని రాజ్యాంగమున వ్రాసికొనెను. 1821లో మరల సంక్షోభము పుట్టెను. ఏ పౌరుని హక్కులకును భంగము కలుగదని మిస్సూరీ మాటయిచ్చిన చాలునని క్లే సంఘము తేల్చెను. ఆ మాటకు అర్థము లేదని ఇచ్చినవారికిని, పుచ్చుకొన్నవారికిని తెలియును. ఇరుపక్షముల గౌరవము నిలిచెను. ఆ నీగ్రోల హక్కు మాత్రము నిలువలేదు. క్లే రాజీలన్నిటను ఈ లక్షణము కనబడును. బల్లకు ఇరువైపుల కూర్చున్నవారు చెరికొంత వదలుకొందురు; మూల్యములో అధికభాగమును ఆ గదిలోనికి రానివారు చెల్లింతురు.

1824లో అతడు మొదటిసారి అధ్యక్షపదవికి పోటీచేసెను. నలుగురు అభ్యర్థులలో జాక్సన్‌కు 99, ఆడమ్సుకు 84, క్రాఫర్డుకు 41, క్లేకు 37 ఎన్నికల ఓట్లు వచ్చెను. ఎవ్వరికిని ఆధిక్యము లేనందున నిర్ణయము ప్రతినిధిసభకు వచ్చెను. మొదటి ముగ్గురిలో లేని క్లే తన పలుకుబడిని ఆడమ్స్ వైపు త్రిప్పెను. ఆడమ్స్ అధ్యక్షుడై క్లేను విదేశాంగ కార్యదర్శిగా నియమించెను. ఇరువురును బేరము కుదుర్చుకొనిరని జాక్సన్ పక్షమువారు కేకలు వేసిరి. అట్టి బేరమునకు సాక్ష్యము లేదు. ఆ పదవిని స్వీకరించుట అవివేకమనుటలోను సందేహము లేదు. ఆ మచ్చ ఎన్నడును పోలేదు. ఆ విషయమై నిందించిన రాండాల్ఫుతో 1826లో ద్వంద్వయుద్ధమునకు దిగగా, అదృష్టవశమున ఇరువురును క్షేమముగా బయటపడి కరచాలనము చేసికొనిరి.

అతడు విదేశాంగ కార్యదర్శిగా నుండి, శ్వేతభవనమునకు ఎదుటి తోటప్రక్కనున్న డికేటర్ గృహమున నివసించుచుండగా జరిగిన ఒక సంగతి పెద్ద చరిత్రలలో తరచుగా ఒక వాక్యమునకు మించి ఉండదు. ఆ యింట షార్లెట్ డ్యూపీ అను బానిస స్త్రీ ఉండెను. క్లే 1806లో ఆమెను 450 డాలర్లకు కొనెను. ఆమె భర్త ఆరన్ కూడ క్లే బానిసయే. 1829 ఫిబ్రవరిలో, క్లే పదవి వదలి కెంటకీకి మరలిపోవుటకు కొలది దినములముందు, షార్లెట్ తనకును తన ఇద్దరు బిడ్డలకును స్వేచ్ఛ కావలెనని వాషింగ్టన్ న్యాయస్థానమున అతనిపై వ్యాజ్యము వేసెను. తన తల్లి స్వతంత్రురాలనియు, పూర్వపు యజమాని తనను విముక్తురాలిని చేయుదునని మాటయిచ్చెననియు ఆమె వాదము. వ్యాజ్యము తేలువరకు ఆమెను ఆ నగరమునుండి తరలింపరాదని న్యాయస్థానము ఆజ్ఞాపించెను. క్లే వెళ్లిపోయెను. ఆ యింటికి వచ్చిన క్రొత్త విదేశాంగ కార్యదర్శి వాన్ బ్యూరన్ వద్ద ఆమె ఏడాదిన్నర కూలికి పనిచేసెను.

1830లో తీర్పు ఆమెకు ప్రతికూలముగా వచ్చెను. కెంటకీకి పోవుటకు ఆమె నిరాకరించెను. క్లే ప్రతినిధి ఆమెను చెరసాలలో పెట్టించి, పిదప న్యూ ఆర్లియన్సులో నున్న క్లే కుమార్తె యింటికి పంపించెను. బిడ్డలను భర్తను విడిచి ఆమె పదియేండ్లు అచ్చట గడపెను. 1840లో క్లే ఆమెకును, కుమార్తె మేరీ ఆన్‌కును విముక్తిపత్రము వ్రాసియిచ్చెను. కుమారుడు చార్లెసుకు 1844లో ఇచ్చెను. దేశములోని రెండు పక్షములను ఒక బల్లయొద్దకు చేర్చగల దిట్ట, తన యింట వంటకట్టుననున్న ఒక స్త్రీతో సంధి కుదుర్చుకొనుటకు పదునొకండేండ్లు పట్టెను. అచ్చట రెండవపక్షమునకు బలము లేదు గదా!

రెండవ సంకటము పన్నులపేర వచ్చెను. దిగుమతి సరకులపై 1828లోను 1832లోను విధించిన సుంకములు ఉత్తరాది కర్మాగారములకు మేలు, ప్రత్తి అమ్ముకొను దక్షిణాదికి కీడు అని దక్షిణ కెరొలైనా మొఱపెట్టెను. జాన్ కాల్హూన్ ఆ రాష్ట్రమునకు సిద్ధాంతకర్త. 1832 నవంబరులో ఆ రాష్ట్రము, 1833 ఫిబ్రవరి 1 మొదలు ఆ సుంకములు తన గడ్డపై చెల్లవని ప్రకటించి, బలప్రయోగము జరిగినచో విడిపోవుదునని బెదరించెను. అధ్యక్షుడు జాక్సన్ సైన్యమును నడిపించుటకు సిద్ధపడెను. అప్పుడే ఎన్నికలలో జాక్సన్ చేతిలో 219కి 49 ఎన్నికల ఓట్లతో ఓడిన క్లే, తన స్వంత సిద్ధాంతమును తానే కోసికొనెను. దేశీయపరిశ్రమలను సుంకములతో పెంచి, ఆ ధనముతో రహదారులు కాలువలు త్రవ్వించి, ప్రాంతములను ఒండొంటితో ముడివేయవలెననునది అతని జీవితాదర్శము. అట్టివాడు, పదియేండ్లలో సుంకములను నూటికి ఇరువదివరకు దించు బిల్లును తానే తెచ్చి, తన విరోధియగు కాల్హూన్‌ను ఒప్పించెను. సైన్యప్రయోగమునకు అధికారమిచ్చు శాసనమును, సుంకములు తగ్గించు శాసనమును 1833 మార్చిలో జంటగా వెలువడెను. దక్షిణ కెరొలైనా తన ప్రకటనను రద్దుచేసికొనెను. పౌరుషము నిలుపుకొనుటకై ఆ సైన్యశాసనము చెల్లదని మరియొక ప్రకటన చేసి ఊరకుండెను. అతని మూడు సంధులలో ఇది నిష్కల్మషమైనది. పన్ను సగమునకు తగ్గింపవచ్చును. మనిషి స్వేచ్ఛను సగమునకు తగ్గించుట ఎట్లు?

గృహమున అతనికి శాంతి లేదు. పదునొకండుగురు సంతానములో ఆరుగురు కుమార్తెలును తండ్రికి ముందే గతించిరి. వారిలో ఎలైజా పండ్రెండేండ్ల పిల్ల. 1825లో కుటుంబము వాషింగ్టనునకు తరలివచ్చుచుండగా మార్గమధ్యమున మరణించెను. పెద్దకుమారుడు థియొడోర్ మతిచలించి లెక్సింగ్‌టన్ చికిత్సాలయమున జీవితము గడపెను.

1844లో విగ్ పక్షము అతనిని అధ్యక్షపదవికి నిలిపెను. టెక్సాసును కలుపుకొనుటయా, మానుటయా అనునది నాటి ప్రశ్న. కలుపుకొన్నచో మెక్సికోతో యుద్ధము, యుద్ధమువలన క్రొత్తభూమి, క్రొత్తభూమివలన పాతకలహము తప్పవని క్లే ఎరుగును. మొదట విస్పష్టముగా వ్యతిరేకించెను. దక్షిణాది ఓట్లు జారిపోవుచున్నవని మిత్రులు హెచ్చరింపగా, మాటను సడలించుచు అలబామావారికి జాబులు వ్రాసెను. దక్షిణాది నమ్మలేదు, ఉత్తరాదిలో బానిసత్వద్వేషులు కొందరు విసిగిపోయి, జేమ్స్ బర్నీ అను మూడవ అభ్యర్థికి ఓటువేసిరి. న్యూయార్కు రాష్ట్రమున క్లే సుమారు 5 వేల ఓట్లతో ఓడెను. అచ్చట బర్నీకి వచ్చినవి 15 వేలకు పైన. ఆ యొక్క రాష్ట్రము దక్కినచో క్లే అధ్యక్షుడయ్యెడివాడు. సభాభవనములో ఇరుపక్షములను మెప్పించిన విద్య ఎన్నికల రంగమున ఇరుపక్షములకును అనుమానహేతువయ్యెను. అభిప్రాయములు గడ్డకట్టిన కాలమున నడిమిదారి మనిషికి ఇది తరచు కలుగు గతి.

గెలిచిన పోక్ టెక్సాసును కైవసము చేసికొని మెక్సికోపై యుద్ధము సాగించెను. 1847 ఫిబ్రవరిలో బ్యూనవిస్టా పోరున క్లే కుమారుడు, తండ్రి పేరే పెట్టుకొన్న హెన్రీ, నేలకొరిగెను. తాను వలదన్న యుద్ధమునకే తన బిడ్డను అర్పింపవలసివచ్చెను. ఆ నవంబరులో లెక్సింగ్‌టన్‌లో క్లే ఆ యుద్ధమును ఖండించుచు ఉపన్యసించినప్పుడు శ్రోతలలో ఇల్లినాయిసునుండి క్రొత్తగా కాంగ్రెసునకు ఎన్నికైన ఒక న్యాయవాది కూర్చుండెను. భార్య పుట్టింటికి వచ్చిన ఆ పొడవాటి మనిషి చిన్ననాటినుండియు క్లేను ఆదర్శముగా ఎంచుకొన్నవాడు. పేరు అబ్రహాం లింకన్. 1849లో కెంటకీ మరల రాజ్యాంగము మార్చబూనగా, క్లే యాబదియేండ్ల క్రిందటి వాదమును తిరిగి ఎత్తుకొని, క్రమవిముక్తిని కోరుచు బహిరంగలేఖ వ్రాసెను. అందును విముక్తులైనవారిని ఆఫ్రికాకు పంపివేయవలెనను షరతు కలదు. తెల్లవారును నల్లవారును సమానులుగా ఒకచోట బ్రతుకగలరని అతడు ఎన్నడును నమ్మలేదు. ఈ అపనమ్మకమే అతని దృష్టికి గోడయైనది. ఆ షరతుతో కూడ కెంటకీ ఒప్పుకొనలేదు.

ఇక 1850. జనవరి 29న క్లే ఎనిమిది తీర్మానములను సెనేటు ముందుంచెను. కాలిఫోర్నియా స్వేచ్ఛారాష్ట్రముగా చేరుట, మెక్సికోనుండి వచ్చిన తక్కినభూమిలో కాంగ్రెసు ఏ నిషేధమును విధింపకుండుట, టెక్సాసు సరిహద్దును కుదించి ప్రతిగా దాని ఋణభారమును వహించుట, రాజధానిలో బానిసల క్రయవిక్రయములను ఆపుట, పారిపోయిన బానిసలను పట్టియిచ్చు శాసనమును బిగించుట వానిలో ముఖ్యములు. ఫిబ్రవరి 5, 6 తేదీలలో అతడు మాటలాడునప్పుడు సభాభవనపు మెట్లెక్కుటకే మనిషి సాయము కావలసివచ్చెను. మార్చి 4న మృత్యుముఖముననున్న కాల్హూన్ దుప్పటి కప్పుకొని కూర్చుండగా, అతని ఉపన్యాసమును వర్జీనియా సెనేటరు మేసన్ చదివెను. ఆ నెలాఖరుననే కాల్హూన్ గతించెను. మార్చి 7న వెబ్‌స్టర్ మాట నిలుపుకొని రాజీని సమర్థించెను; అందులకు స్వరాష్ట్రపు మిత్రులు పెక్కుమంది అతనిని ద్రోహియని విడనాడిరి. ఏప్రిల్‌లో మిసిసిపీ సెనేటరు ఫుట్, మిస్సూరీ సెనేటరు బెంటన్‌పై సభలోనే పిస్తోలు ఎత్తెను. జూన్‌లో తొమ్మిది బానిసరాష్ట్రముల ప్రతినిధులు నాష్‌విల్ నగరమున సమావేశమై తమ దారి తాము చూచుకొనుటను గూర్చి చర్చించిరి.

క్లే తన ప్రతిపాదనలలో ముఖ్యమైనవానిని ఒకే బిల్లుగా కట్టెను. ఒక భాగముకొరకు మరియొక భాగమును సహింతురని అతని ఆశ. జరిగినది దానికి విపర్యాసము. ఒక భాగముపై ద్వేషముతో ఒకరు, మరియొక భాగముపై ద్వేషముతో మరియొకరు మొత్తమును తిరస్కరించిరి. జూలై 31న బిల్లు ముక్కలైపోయెను. ఆరునెలల శ్రమకు ఒడలు శిథిలమై క్లే సముద్రపుగాలికై రోడ్ ఐలాండుకు పోయెను. పడిన ముక్కలను ఏరి, వేర్వేరు బిల్లులుగా సెప్టెంబరులో నెగ్గించినవాడు ఇల్లినాయిసు సెనేటరు స్టీఫెన్ డగ్లస్. ప్రతి బిల్లుకును ఒక ప్రాంతమువారందరును, మధ్యస్థులు కొందరును కలిసి ఓటు వేసిరి. అన్నిటికిని ఓటు వేసినవారు బహుకొద్దిమంది. రాజీయనుపేర జరిగినది ఇది. ఎవ్వరును ఎదుటివారికి దేనిని ఒప్పుకొనలేదు. ఎవరి వంతు వారు గెలుచుకొనిరి. వాషింగ్టన్ వీధులలో దీపములు వెలిగించి పండుగ చేసికొనిరి.

ఆ దీపములు ఆరకమునుపే పలాయితుల శాసనము ఉత్తరాది ఇండ్ల తలుపులు తట్టెను. పట్టుబడినవానికి జూరీ విచారణ లేదు. తన పక్షమున తాను సాక్ష్యమిచ్చుకొను హక్కు లేదు. విచారించు అధికారి వానిని యజమానికి అప్పగించినచో 10 డాలర్లు, విడిచిపెట్టినచో 5 డాలర్లు పుచ్చుకొనును. త్రోవనుపోవు పౌరుని కూడ వేటకు సాయము రమ్మని పిలువవచ్చును. అంతవరకు బానిసత్వము దూరపు పొలములలోని సంగతి యనుకొన్న బోస్టన్ గృహస్థుడు తన వీధిలోనే సంకెలలు చూచెను. 1851 ఫిబ్రవరిలో అచ్చటి నల్లవారు న్యాయస్థానములో చొరబడి షాడ్రాక్ మింకిన్సు అనువానిని విడిపించుకొని పోయిరి. క్లే సెనేటులో కోపోద్దీపితుడై, శాసనము అమలు జరుగవలెనని పట్టుపట్టెను. సంధిలో ఏ నిబంధనము దక్షిణాదిని నిలుపునని అతడు నమ్మెనో అదియే ఉత్తరాదిని దూరము చేయుచుండెను. ఆ శాసనముపై ఆగ్రహముతో హారియట్ బీచర్ స్టో వ్రాసిన టామ్ మామ కథ 1852 మార్చిలో గ్రంథరూపమున వెలువడి ఇంటింటను కన్నీరు తెప్పించుచుండగా, క్లే నేషనల్ హోటలు గదిలో క్షయతో మంచముపట్టియుండెను. 1852 జూన్ 29న అతడు కన్నుమూసెను. కాపిటల్ భవనపు గుమ్మటముక్రింద దర్శనార్థము పార్థివశరీరమునుంచు గౌరవము అతనితోనే ఆరంభమైనది. ఇల్లినాయిసులోని స్ప్రింగ్‌ఫీల్డున లింకన్ సంస్మరణోపన్యాసము చేసెను.

1820 గీత 1854లో చెరిగిపోయెను. చెరిపినవాడు 1850 సంధిని గట్టెక్కించిన ఆ డగ్లసే. 1857లో సర్వోన్నత న్యాయస్థానము అట్టి గీతను గీయుటకే కాంగ్రెసునకు అధికారము లేదని తీర్పుచెప్పెను. విగ్ పక్షము విచ్ఛిన్నమైపోయెను. 1860లో లింకన్ అధ్యక్షుడుగా ఎన్నిక కాగా, కెంటకీనుండి క్లే వారసుడుగా సెనేటులో నున్న క్రిటెండన్ ఆ గీతను పసిఫిక్ మహాసముద్రమువరకు పొడిగింపవలెనని బ్రతిమాలెను. మన ఉద్యోగపర్వములోని రాయబారములవలెనే, అడుగువారిలో ఆర్తి హెచ్చినకొలది వినువారిలో పట్టుదల హెచ్చెను. బానిసత్వము క్రొత్తభూమికి ఒక్క అంగుళమైనను వ్యాపింపరాదని లోలోపల గట్టిగా నిలిచి, ఆ సంధిని కాదన్నవాడు క్లే భక్తుడగు లింకనే. డిసెంబరు 20న దక్షిణ కెరొలైనా విడిపోయెను. 1861 ఏప్రిల్ 12న సమ్టర్ దుర్గముపై ఫిరంగులు ప్రేలెను. ఆనాడు హెన్రీ క్లే ఎనుబదినాలుగవ జన్మదినము.

అతడు సంపాదించి పెట్టిన వ్యవధి వలన కలిగిన ఫలమేమి యని లెక్కలు తీసినవారికి రెండు సంఖ్యలు ఎదురగును. 1860 నాటికి విడిపోయిన పదునొకండు రాష్ట్రముల జనము సుమారు 90 లక్షలు, అందు 35 లక్షలు బానిసలే. తక్కిన దేశమున 2 కోట్ల 20 లక్షలమంది, కర్మాగారములలోను రైలుమార్గములలోను అధికభాగము. 1820లోనో 1833లోనో కత్తులు దూసినచో సమాఖ్యకు ఇంతటి బలము లేదు. రెండవ సంఖ్య: మిస్సూరీ సంధినాడు దేశములో బానిసలు 15 లక్షలు, యుద్ధమునాటికి 40 లక్షలకు చేరువ.

యుద్ధమున ఆరు లక్షలకు పైగా సైనికులు మడిసిరి. క్లే కుమారులలో థామస్ సమాఖ్యపక్షమున నిలిచెను. జేమ్స్ దక్షిణాదిని చేరి, 1864లో పరదేశమున మాంట్రియల్‌లో మరణించెను. మనుమలు రెండు సేనలలోను పోరిరి. 1862 అక్టోబరు 18 ఉదయమున దక్షిణాది అశ్వదళాధిపతి, లెక్సింగ్‌టన్ వాస్తవ్యుడే యగు జాన్ హంట్ మోర్గన్, ఆష్‌లాండ్ తోటలో విడిసియున్న ఒహాయో అశ్వికులపై బడెను. క్లే నాటించిన చెట్లక్రిందనే ఒకే దేశపు బిడ్డలు ఒండొరులను కాల్చుకొనిరి. లుక్రీషియా అప్పటికి జీవించియే యుండెను.

అతని మరణశాసనమున ఒక నిబంధన కలదు. 1850 జనవరి 1 తరువాత తన బానిస స్త్రీలకు పుట్టిన బిడ్డలలో మగవారికి 28వ యేట, ఆడువారికి 25వ యేట విముక్తి కలుగవలెను. కడపటి మూడేండ్ల కూలిని వారి ఆఫ్రికా ప్రయాణపు ఖర్చులకై నిలువచేయవలెను. ఆ లెక్కన మొదటివారికి స్వేచ్ఛ 1875లో రావలెను. 1865 డిసెంబరులో పదుమూడవ రాజ్యాంగసవరణ అమలులోనికి వచ్చి, కెంటకీలో మిగిలిన బానిసలందరిని ఒక్క దినమున విడుదల చేసెను. ఆ బిడ్డలలో పెద్దవారికి అప్పటికి పదునారేండ్లు ఇంకను నిండలేదు. ఓడ ఖర్చులకై వారి కూలిని ఎవ్వరును పట్టుకొనలేదు.